పగటి నిద్రల ట్యూషన్

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ట్యూషన్ ఫీజు ఎంతో చెప్పడం నేను మా ఇంటి కూలర్ ముందు నిలబడి నేర్చుకున్నాను.

మధ్యాహ్నం అమ్మ ఒక కునుకు తీసేది. అప్పుడు కిటికీకి బిగించిన కూలర్ దగ్గరికి వెళ్ళి, ఫ్యాను జోరు పెంచి, ఆ హోరులో నా గొంతు నాకే వినిపించకుండా చూసుకుని, "నెలకి ఇంత తీసుకుంటానండీ" అనేదాన్ని. మళ్ళీ అదే మాట హిందీలో అనేదాన్ని. తడిసిన గడ్డి వాసనతో చల్లగాలి మొహానికి కొట్టేది. కూలర్ ఏనాడూ బేరమాడలేదు. అయినా అంకె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి అనేదాన్ని. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఈ సంగతి మాత్రం రాయలేదు. ఎవరైనా చదువుతారని కాదు. రాస్తే మర్నాడు నేనే చదువుకోవాలి కదా అని.

అవి తొంభైల మొదటి సంవత్సరాలు. భిలాయిలో సెక్టర్ 6లో కింది అంతస్తు క్వార్టర్ మాది. నాన్న స్టీల్ ప్లాంటులో టైమ్ ఆఫీసు గుమస్తా. ఎవరు ఏ షిఫ్టుకి వచ్చారో, ఎవరు రాలేదో రాసే పని. నేను లెక్కలు తీసుకుని బి.ఎస్సీ. పాసై ఇంట్లో ఉన్నాను. ప్రైవేటుగా ఎం.ఏ. కట్టాలనీ, మధ్యాహ్నాలు చదువుకోవాలనీ నా కోరిక. మన తెలుగువాళ్ళ సంఘంలో ఒక బీరువా నిండా పుస్తకాలుండేవి. వాటిని వరసగా తెచ్చుకుని వెనక గదిలో కూర్చుని చదివేదాన్ని. ఇంటికి ఎవరైనా వస్తే ఆ గది తలుపు దగ్గరకు వేసేదాన్ని. నాన్న బెంగంతా ఆ తలుపు గురించే.

హథ్‌ఖోజ్‌లో ఫ్యాక్టరీల పేటలో నాన్నకు తెలిసినాయన ఒకరు బోల్టులు, నట్లు చేసే షెడ్డు నడిపేవారు. ఆఫీసులో ఫోను ఎత్తడానికి ఒక అమ్మాయి కావాలన్నారట.

"ఫోనెత్తి ఎవరండీ అని అడగడమే కదమ్మా పని," అన్నారు నాన్న. "నెల్రోజులు చేస్తే నీ బెరుకు పోతాది."

మాకు ఇంట్లో ఫోను లేదు. మేడమీద వాళ్ళింట్లో మోగితేనే నేను వెనక గదిలోకి తప్పుకునేదాన్ని. రోజంతా ఎవరో మొహం తెలియని మనిషికి సమాధానం చెప్పడం, మళ్ళీ సాయంత్రం దుమ్ము కొట్టుకుని ఇంటికి రావడం, ఇక పుస్తకం ముట్టుకునే ఓపికెక్కడ? నేను నేలచూపులు చూస్తూ, "ట్యూషన్లు చెప్పుకుంటాను నాన్నా" అన్నాను. ఆ వారంలో నేను ఆడిన పెద్ద మాట అదేనని అమ్మ తరవాత నవ్వింది.

నాన్న ఒక గడువు పెట్టారు. "సరే. దసరా దాకా చూద్దాం. పిల్లలు నిలబడితే ఎం.ఏ. కట్టుకో. లేదంటే హథ్‌ఖోజ్ వెళ్దువుగాని."

సెక్టర్ మార్కెట్‌లో పెన్నులూ పుస్తకాలూ అమ్మే దుకాణం గోడకి ఒక కాగితం అంటించాను. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా లెక్కలు చెప్పబడును. ఫీజు విషయం స్వయంగా మాట్లాడుకోవచ్చు. ఎలా చెప్పాలో తెలియని విషయాన్నే స్వయంగా మాట్లాడుకుందాం రమ్మని పిలిచాను.

అది చూసి ఒకాయన స్కూటరు మీద వచ్చారు. ఎంత తీసుకుంటారని హిందీలో అడిగారు. కూలర్ ముందు చెప్పిన అంకె ఎక్కడికి పోయిందో తెలియదు. "మీకు ఏది సరి అనిపిస్తే అది" అన్నాను. ఆయన నన్ను ఒకసారి, మా ముందు గదిలో చాపను ఒకసారి చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. వస్తారని నేనూ అనుకోలేదు. తన ధర తనకే తెలియని టీచరుకి పిల్లని ఎవరప్పగిస్తారు? పైగా మా సెక్టర్లో సాయంత్రాలు పేరున్న సార్లవి. ఐదైతే చాలు, వాళ్ళ ఇళ్ళ ముందు సైకిళ్ళ వరస కనిపించేది.

వానలు మొదలయ్యాయి. ఒక రోజు పొద్దున్న పెరట్లో బట్టలు తీస్తుంటే పక్క క్వార్టర్ పిన్ని గోడ మీంచి తల పెట్టింది. ఆవిడ మాకు చుట్టం కాదు. ఆవిడది విజయనగరం, మా అమ్మది శ్రీకాకుళం. భిలాయిలో ఆ మాత్రం దూరాన్ని చుట్టరికమనే అంటాం. ఆవిడ భర్తను నేను బాబాయీ అనాలి గానీ, అలా పిలిచే సందర్భం ఎప్పుడూ రాలేదు. ఆయన రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటరు. వారానికో షిఫ్టు మారే డ్యూటీ. సైకిలు మీద వెళ్తున్నప్పుడు ఆయన వీపు తెలుసు నాకు, అంతే.

"ఏటే పిల్లా, దుకాణంలో నీ కాయితం చూసినాను. ఐదింటికేటి?" అంది పిన్ని. "ఐదింటికి నాకెందుకు? రెండింటికి చెప్పవేటి?"

"రెండింటికి ఎవరు చదువుతారు పిన్నీ?"

"మా ఇద్దరూ చదువుతారు. ఈ వారం మీ బాబాయికి నైట్. పొద్దున్నొచ్చి తొంగుంతాడు. ఇవి బళ్ళోంచి వచ్చీసరికి ఆయనకి అసలు నిద్ర అప్పుడే పడతాది. ఇది నా పెన్సిలు తీసిందంటాదొకర్తి, అది నా జడ లాగిందంటాది ఇంకోర్తి. ఆయన లేచిపోతాడు. తిట్టడే. తిడితే బాగుణ్ణు. మంచం మీద కూకుని గోడకేసి చూస్తాడు."

తరవాత గొంతు తగ్గించింది. అంతకుముందు నైట్ వారంలో ఆయనకు క్రేను మీదే కన్ను మూతపడిందట. కొక్కేనికి ఎర్రగా కాలిన ఇనుము వేలాడుతోందట. కిందనున్న మనిషి కేక వెయ్యబట్టి సరిపోయిందట.

"అప్పట్నుంచి మధ్యాన్నమైతే నాకు దడే," అంది. "చదువొస్తే మంచిదే. రాకపోయినా నిన్నేటీ అనను. కూకోబెట్టు చాలు. నువ్వెలాగూ నోరెత్తవు కదా, ఆళ్ళు నిన్ను చూసి నేర్చుకుంతారు."

ఫీజు అని నేను నోరు తెరిచేలోగా, "అది తరవాత చూద్దారి" అని తల తీసేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

పిల్లల్ని తీసుకురావడానికి రెండింటికి వాళ్ళింటికి వెళ్ళాను. మాది జనరల్ షిఫ్టు ఇల్లు. మా ఇంట్లో పగలంటే పగలే. గోడ అవతల ఇంకో రకం పగలు ఉందని అంతవరకు నాకు తెలియదు. కిటికీలకు దుప్పట్లు కొట్టి ఉన్నాయి. వీధి తలుపు గొళ్ళేనికి చప్పుడు కాకుండా పాత గుడ్డ చుట్టి ఉంది. కుక్కరు కూత వినబడకూడదని ఆయన రాకముందే అన్నం వండేసి గిన్నెలో మూతపెట్టి ఉంది. ఆ చీకట్లో ఇద్దరు ఆడపిల్లలు పుస్తకాల సంచులు గుండెలకు హత్తుకుని, గుసగుసగా దెబ్బలాడుకుంటున్నారు. పిన్ని గుసగుసగానే తిడుతోంది.

మా ముందు గదిలో చాప మీద కూర్చున్నాక ముగ్గురం చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళకి అలవాటు, నాకు స్వభావం. చివరికి చిన్నది అడిగింది, ఎక్కాలు పైకి చదవాలా దీదీ అని. మా ముందు గదికీ, బాబాయి పడుకునే గదికీ మధ్య ఒక్కటే గోడ.

"పైకే. కానీ చిన్నగా," అన్నాను.

వాళ్ళది హిందీ మీడియం బడి. పదహారు దాకా బాగా వచ్చు. పదిహేడు దగ్గర ఇద్దరూ తడబడేవాళ్ళు. అందుకని దానితోనే మొదలుపెట్టాం. సత్రహ్ ఏకం సత్రహ్, సత్రహ్ దూనీ చౌంతీస్, అలా ఏడో మెట్టు సత్రహ్ సత్తే దాటి పది దాకా. మందగొంతుతో, తూగుతున్నట్టు. ముందు నేను అనేదాన్ని, వెనక వాళ్ళు. బళ్ళో టీచరంటే గొంతుండాలని నాన్న ఎప్పుడూ అనేవారు. నా గొంతు వినాలంటే పిల్లలు ముందుకు వంగాల్సి వచ్చేది. ముందుకు వంగినవాళ్ళు పక్కచూపులు చూడరని నాకు ఆ రోజు తెలిసింది.

పిన్ని పాల బూత్ దగ్గర ఎవరికి ఏం చెప్పిందో గాని, వారం తిరిగేలోగా చాప నిండింది. అందరూ ఆ షిఫ్టు వాళ్ళ పిల్లలే. నాకు పట్టరాని సంతోషం. ఎం.ఏ. సిలబస్ తెప్పించుకుని అట్ట కూడా వేసుకున్నాను.

మరుసటి సోమవారం రెండైంది. ఎవరూ రాలేదు. రెండున్నర దాటినా చాప ఖాళీగానే ఉంది. పక్కింట్లోంచి టీవీ మోత, పిల్లల అరుపులు వినబడుతున్నాయి. అంటే వాళ్ళు ఇంట్లోనే ఉన్నారు, రావాలనుకోలేదు. వెళ్ళి ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. చాప చుట్టి మూల నిలబెట్టాను.

సాయంత్రం నాన్న వచ్చి సైకిలు గోడకు ఆనించగానే చెప్పాను. "హథ్‌ఖోజ్ ఆయనకి చెప్పండి నాన్నా. వెళ్తాను."

"ఏమైందమ్మా?"

"పిల్లలు మానేశారు. అందరూ ఒక్కసారే మానేశారు."

"అందరంటే ఎవరెవరు?"

ఒక్కొక్క ఇంటి పేరూ చెప్పాను. నాన్న వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, పిల్ల ఏడుస్తుంటే ఏటా నవ్వు అని కసిరింది.

"మానీలేదే పిచ్చిపిల్లా. షిఫ్టు మారింది. ఆళ్ళందరికీ ఈరోజునుంచి సెకండ్ షిఫ్టు," అన్నారు నాన్న. "మధ్యాన్నం నాన్నలు డ్యూటీకి పోయినారు. ఇల్లు ఖాళీ. ఇంక నీ దగ్గరికెందుకొస్తారు?"

టైమ్ ఆఫీసు గుమస్తా కూతురిని. షిఫ్టులు మారతాయన్న ముక్క నాకు తట్టనే లేదు. నాన్న బనీను మీదే మెట్టు మీద కూర్చుని, నైట్ దిగేవాళ్ళు దిగితే ఎక్కేవాళ్ళు ఎక్కుతారు కదా అని, ఆ వారం నైట్‌లో ఉన్న ఇళ్ళు వరసగా చెప్పారు. పక్క వీధిలో ఫలానా, చివరి బ్లాకులో ఫలానా. ఏ కాగితమూ చూడలేదు. "ప్లాంటు ఆగదమ్మా. ఎవురో ఒకరి ఇంట్లో మధ్యాన్నం ఎప్పుడూ ఎవురో ఒకరు పడుకునే ఉంతారు," అన్నారు. హథ్‌ఖోజ్ పంపాలనుకున్న మనిషే నాకు పిల్లల్ని వెతికిపెట్టారు. ఆ సంగతి ఆయన గమనించారో లేదో ఇప్పటికీ తెలియదు.

మరి వాళ్ళ తలుపులు తట్టాలి. ఫీజు చెప్పాలి. ఆ సంకటం పిన్నికి పెరటి గోడ దగ్గర చెప్పాను.

"నెలకింతని అడిగితే ఎవురిస్తారే?" అంది ఆవిడ. "మాకు నైట్ వారం వారం ఉండదు కదా. ఇలా చూడు. ఆయన రాత్రి మేలుకున్నందుకు కంపెనీ ఏటిస్తాది? నైట్ అలవెన్సు. మరి పగలు ఆయన్ని తొంగోనిచ్చినందుకు నీకూ అలవెన్సు రావాల కదా."

"ఆ డబ్బంతా నాకిస్తే ఎలా పిన్నీ?"

"అంతా ఎవురిస్తారే, ఆశ. సగం."

అలా కుదిరింది నా రేటు. నైట్ అలవెన్సు ఎంతో ఏ ఇంట్లోనైనా తెలుసు. దాన్లో సగం ఎంతో లెక్కలు రానివాళ్ళకి కూడా తెలుసు. నేను అంకె నోటితో చెప్పక్కర్లేదు. "ఆధా నైట్" అంటే చాలు.

తలుపులు కూడా తట్టక్కర్లేకపోయింది. నైట్ షిఫ్టు ఇంటికి పగలు వెళ్ళేటప్పుడు బెల్లు కొట్టకూడదు, పిలవకూడదు. పెరటి వైపు వెళ్ళి, ఆ ఇంటావిడ కంటపడేదాకా నిలబడాలి. ఆవిడ చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుని బయటికి వస్తుంది. తరవాత మాటలన్నీ గుసగుసలే. ఊళ్ళో ఇంకెవరికైనా అది ఇబ్బందేమో గాని, నా కోసమే ఎవరో పెట్టిన పద్ధతిలా ఉంది. ఎవరినీ పిలవకుండా నిలబడడం నాకు బాగా వచ్చు. గుసగుసలాడడం ఇంకా బాగా వచ్చు. మొదటి ఇంట్లో ఒక బెంగాలీ ఆవిడ, ఎంత అని సైగ చేసింది. "ఆధా నైట్" అన్నాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, లోపలికి వెళ్ళి కొడుకుని చెయ్యి పట్టుకుని తెచ్చింది. కూలర్ ముందు నేర్చుకున్న అంకె ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఒకరు దిగితే ఒకరు ఎక్కుతూ చాప నిండుతూనే వచ్చింది. ఏ బృందం వచ్చినా పదిహేడో ఎక్కంతోనే మొదలు. అందరూ అక్కడే తడబడేవాళ్ళు మరి. ఒక కన్ను పిల్లల మీద, ఒక కన్ను గోడ మీద ఉండేది నాకు. పిన్ని వాళ్ళ చిన్నది ఓసారి పడీ పడీ నవ్వితే గబుక్కున దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. గోడ అవతల ఏ అలికిడీ లేదు. సాయంత్రం పిన్ని ఏమీ అనలేదు. నా గొంతు ఒక్క గోడ కూడా దాటదన్నమాట అనుకున్నాను. మంచిదేలే అనుకున్నాను. కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

దసరా ముందర ఒక మధ్యాహ్నం పిన్ని పిల్లలిద్దరూ సంచులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బాబాయికి అది సెకండ్ షిఫ్టు వారం. ఇల్లంతా వాళ్ళదే. టీవీ పెట్టుకోవచ్చు, కావలసినంత అరుచుకోవచ్చు.

"నాన్నకి నైట్ కాదు కదా?" అన్నాను.

"నహీఁ దీదీ. ఐసే హీ," అంది పెద్దది. ఊరికే వచ్చాం అని. చిన్నది అప్పటికే చాప మీద తన చోట్లో కూర్చుంది.

ఆ వారాంతంలో పిన్ని మామూలుగానే సగం నైట్ తెచ్చింది. ఈ వారం నైట్ లేదు కదా పిన్నీ అన్నాను. "ఓటీ అనుకో," అంది. ప్లాంటులో అదనపు డ్యూటీకి ఇచ్చే ఓవర్‌టైమ్ అన్నమాట. ఆ వారం డైరీలో నేను ఒక్క మాటే రాసుకున్నాను, ఐసే హీ అని.

దసరా వెళ్ళింది. నాన్న హథ్‌ఖోజ్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒక సాయంత్రం పేపరు వెనకనుంచి, "ఆ షెడ్డు ఆయనకి వేరే అమ్మాయి దొరికిందట" అన్నారు. ఈ పిల్లని ఇంక అడక్కండి అని నాన్నే వెళ్ళి చెప్పొచ్చారని అమ్మ తరవాత చెప్పింది. ఎం.ఏ. కట్టాను. పిల్లలు రాని పొద్దుటి పూటల్లో చదువుకున్నాను, మెల్లగా పాసయ్యాను. పిల్లలు పెరిగి వెళ్తూ, కొత్తవాళ్ళు వస్తూ ఉన్నారు. ఈ ఊళ్ళో నా బతుకు ఇన్నేళ్ళు నడిచింది ఎవరెవరివో నిద్రల మీద. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు నన్ను గట్టిగా మాట్లాడమని ఏనాడూ అడగలేదు. ఇంకే ఊళ్ళో పుట్టినా నాకీ అదృష్టం దొరికేది కాదు.

పదేళ్ళు దాటాక, పోయిన వేసవిలో బాబాయి రిటైరయ్యారు. దగ్గరి ఊరు కుమ్హారిలో ఎప్పుడో కొనుక్కున్న స్థలంలో రెండు గదులు వేసుకున్నారు. క్వార్టరు అప్పగించేసి వెళ్ళే రోజున మినీ ట్రక్కు వచ్చింది. మంచాలు, కూలరు, అన్నిటి పైన తాళ్ళతో కట్టిన ఆయన సైకిలు. పెద్దమ్మాయి అప్పటికి కాలేజీలో ఉంది, చిన్నది నాకంటే పొడుగు. పిన్ని అమ్మని పట్టుకుని ఏడ్చింది. నన్ను చూసి, "ఇప్పటికైనా నోరెత్తవేటే" అని ఏడుస్తూనే నవ్వింది. నేను ఎత్తలేదు.

బాబాయి ఆఖరున బయటికి వచ్చారు. ఖాళీ ఇంటికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూశారు. గొళ్ళేనికి ఆ పాత గుడ్డ ఇంకా చుట్టే ఉంది. అలవాటు కొద్దీ చప్పుడు కాకుండానే వేశారు. ఆ పక్కనే గేటు దగ్గర నేను నిలబడి ఉన్నాను. అన్నేళ్ళలో ఆయన ముఖం పట్టపగలు అంత దగ్గరగా చూడడం అదే మొదలు. కళ్ళ చుట్టూ ముడతలు, మెత్తటి చూపు. వెళ్ళొస్తానన్నట్టు తల ఊపి, ట్రక్కు దాకా నడిచి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చారు. మా ముందు గది గోడ వైపు ఒకసారి చూసి నాతో మాట్లాడారు. ఆయన నాతో అన్న మొదటి మాటలవి, ఇప్పటిదాకా ఆఖరివి కూడా.

"నీ సత్రహ్ ఎక్కం ఇన్నేళ్ళు విన్నానమ్మా, ఒక్కసారీ పూర్తిగా వినలేదు. సత్రహ్ సత్తే దగ్గరికి వచ్చీసరికి నిద్ర పట్టీసేది."